ఆడియో టెక్నికా ఎల్‌పీ60ఎక్స్: మిషన్‌ని తిట్టే ముందు వెనకున్న స్విచ్ చూడండి

ముందే చెప్పేస్తున్నా, ఈ రికార్డ్ ప్లేయర్ మంచిది, కొనొచ్చు. మరి ఇంత పొడుగు రివ్యూ ఎందుకంటే, ఇలాంటి ప్లేయర్లు కొన్నవాళ్లు చాలామంది "సౌండ్ సన్నగా వస్తోంది", "గుయ్యిమంటోంది", "ఒక స్పీకర్ బాక్సే పలుకుతోంది" అని ఒక్క స్టార్ ఇచ్చి వెనక్కి పంపేస్తున్నారు. అవి చదువుతుంటే నాకు బాధేస్తుంది. వాళ్లు రాసిన లక్షణాలు చూస్తే తప్పు మిషన్‌ది కాదని తెలిసిపోతోంది, మిషన్‌కీ ఆంప్లిఫైయర్‌కీ మధ్య ఉన్న రెండు మూడు అడుగుల దారిలోనే ఎక్కడో ఉంది. సౌండ్ ఎలా పాడైందో కాస్త ఓపిగ్గా వింటే, లోపం ఎక్కడుందో ఆ సౌండే చెబుతుంది.

మాది బరంపురం. పెదనాన్న దగ్గర పాత ఎల్పీలు చాలా ఉన్నాయి, తెలుగువి మద్రాసు నుంచీ విశాఖపట్నం నుంచీ తెచ్చుకున్నవి, ఒడియావి కటక్ నుంచి తెచ్చినవి. వాటితో పాటు బరువైన పాత స్టీరియో ఆంప్, రెండు పెద్ద బాక్సులు. పాత ప్లేయర్ మోటారు పోయి మూలన పడ్డాక ఈ కొత్తది తెప్పించాం. ధర సీజన్‌ని బట్టి మారుతూ ఉంటుంది కాబట్టి రాయడం లేదు.

డబ్బా విప్పగానే బెల్టు మీరే ఎక్కించాలి. రికార్డు తిరిగే పళ్లెం కింద బెల్టు ముందే చుట్టి ఉంటుంది, దానికి ఒక ఎర్ర రిబ్బన్ కట్టి ఉంటుంది. పళ్లెంలో ఉన్న కంతలోంచి ఆ రిబ్బన్ పట్టుకుని లాగి, మోటారు తాలూకు ఇత్తడి పుల్లీకి తగిలించి, రిబ్బన్ తీసేయాలి, అంతే. బెల్టు మెలి పడకుండా చూసుకోండి, మెలి పడితే పాట ఊగుతుంది. ముల్లుని మోసే చేతికి (టోన్ ఆర్మ్‌కి) కట్టిన కట్టూ, ముల్లు మీద ప్లాస్టిక్ తొడుగూ తీయడం మర్చిపోకండి. మిగతాదంతా ఆటోమేటిక్, బటన్ నొక్కితే చెయ్యి దానంతటదే లేచి రికార్డు మీదకి వెళ్తుంది, అయిపోగానే వెనక్కి వచ్చి ఆగిపోతుంది. చేతులు వణికే పెద్దవాళ్లకి ఇది చాలా పెద్ద సుఖం.

ఇప్పుడు అసలు విషయం. మిషన్ వెనక ఒక చిన్న స్విచ్ ఉంటుంది, ఒక పక్క ఫోనో, ఇంకో పక్క లైన్ అని రాసి ఉంటుంది. గొడవలకి ముప్పాతిక మూలం అక్కడే. రికార్డు గాడిలో ముల్లు కదిలితే పుట్టే కరెంటు అతి తక్కువ, ఈ మిషన్‌లో సుమారు 2.5 మిల్లీవోల్టులు. అదే సీడీ ప్లేయరైతే 2 వోల్టుల దాకా ఇస్తుంది. పైగా రికార్డు కోసేటప్పుడే బేస్‌ని బాగా తగ్గించి, ట్రెబుల్‌ని బాగా పెంచి కోస్తారు, లేకపోతే బేస్‌కి గాడి మరీ వెడల్పై పక్క గాడిలోకి వెళ్లిపోతుంది, ఎల్పీలో అంతసేపు పాటలు పట్టవు. ఎంత తగ్గించాలి, ఎంత పెంచాలి అన్నదానికి 1954 నుంచి ఆర్‌ఐఏఏ అనే ఒక లెక్క అందరికీ ప్రమాణమైంది. వినేటప్పుడు ఆ పనిని సరిగ్గా తిరగేయాలి, కరెంటుని వంద రెట్ల దాకా పెంచాలి. ఈ రెండూ చేసేది ఫోనో ప్రీఆంప్. అది పాత ఆంపుల్లో ఫోనో అని రాసిన సాకెట్ వెనక ఉంటుంది. ఈ మిషన్ లోపల కూడా ఒకటి ఉంది, స్విచ్ లైన్ వైపు పెడితే అది పనిచేస్తుంది, 2.5 మిల్లీవోల్టులు సుమారు 150 అవుతాయి.

కాబట్టి ప్రీఆంప్ ఒక్కసారే తగలాలి. అసలు తగలకపోతే, అంటే స్విచ్ ఫోనోలో పెట్టి తీగ పిన్నులు ఆంప్ వెనక ఆగ్జ్‌లో (సీడీ, టీవీ లాంటివి తగిలించే మామూలు సాకెట్‌లో) గుచ్చితే, వాల్యూమ్ చివరిదాకా తిప్పినా పాట దోమ రొదలా సన్నగా వస్తుంది, తబలా ఉందో లేదో తెలియదు, స, శ అక్షరాలు మాత్రం చెవిలో గుచ్చుకుంటాయి. రెండుసార్లు తగిలితే, అంటే స్విచ్ లైన్‌లో పెట్టి పిన్నులు ఫోనోలో గుచ్చితే, దానికి పూర్తిగా తిరగబడుతుంది. వాల్యూమ్ కొంచెం తిప్పగానే బొంగురుగా, బరువుగా, పగిలిపోతూ వస్తుంది. ఈ రెండు సౌండ్లూ ఒక్కసారి విన్నవాళ్లు జన్మలో మర్చిపోరు. ఈ తేడా తెలియని ఒక షాపు కుర్రాడు మా ఆంప్‌ని చూసి "ఇది పోయింది సార్, కొత్త హోమ్ థియేటర్ తీసుకోండి" అన్నాడు. నేను వెనక్కి వెళ్లి స్విచ్ మార్చాను, ఆంప్ నిక్షేపంగా పాడింది. పనికొచ్చే ఆంపులు ఇలాంటి మాటల వల్లే పాత సామాన్ల వాడికి పోతున్నాయి.

ఆంప్‌లో ఫోనో సాకెట్ ఉంటే రెండు దారులూ ప్రయత్నించి చూడండి, ఏది బాగుంటే అది ఉంచుకోండి. మా దాంట్లో ఫోనో భాగం వయసైపోయి బుస్సుమని హోరు పెడుతోంది, అందుకే స్విచ్ లైన్‌లో పెట్టి ఆగ్జ్‌కి ఇచ్చేశాం. ఇక్కడ ఒక మాట. లైన్‌లో పెట్టినా సీడీ అంత గట్టిగా రాదు, 150 మిల్లీవోల్టులకీ 2 వోల్టులకీ అంత దూరం ఉంది మరి. వాల్యూమ్ ఇంకొంచెం ఎక్కువ తిప్పండి, అది లోపం కాదు. టీవీ నుంచి ప్లేయర్‌కి మార్చేటప్పుడూ, మళ్లీ టీవీకి వెళ్లేటప్పుడూ వాల్యూమ్ తగ్గించి మార్చండి, లేకపోతే బాక్సులు అదిరిపోతాయి.

అసలు సౌండే లేకపోతే ఆంప్ ముఖం మీద టేప్ మానిటర్ అనే బటన్ నొక్కి ఉందేమో చూడండి. అది నొక్కి ఉంటే ఆంప్ క్యాసెట్ డెక్ కోసం ఎదురుచూస్తుంది, మీరు ఏ ఇన్‌పుట్ పెట్టినా పలకదు. పాత ఆంప్ దించి దుమ్ము తుడిచేటప్పుడు ఈ బటన్ నొక్కుకుపోవడం మామూలే.

మా ఇంట్లో అందరినీ ఆశ్చర్యపరిచింది మాత్రం ఇంకోటి. పెద్దమ్మ ఒక స్టీరియో ఎల్పీ పెట్టించుకుని వింటూ, "ఒరే, పాడేవాళ్లు ఏరిరా? వట్టి వాయిద్యాలే వస్తున్నాయి" అంది. నిజంగానే వయొలిన్లు ఉన్నాయి, కోరస్ దూరంగా ఉంది, గొంతు మాత్రం లేదు.

"రికార్డు అరిగిపోయిందేమో" అన్నారు పెదనాన్న.

అరిగితే గొంతొక్కటే ఎందుకు పోతుంది పెదనాన్నా అని నేను మిషన్ వెనక్కి వెళ్లాను. ఈ మోడల్‌లో తీగ మిషన్ వైపు హెడ్‌ఫోన్ పిన్నులాంటి 3.5 ఎంఎం పిన్నుతో ఉంటుంది, ఆంప్ వైపు ఎర్ర, తెల్ల ఆర్‌సీఏ పిన్నులు. ఆ చిన్న పిన్ను పూర్తిగా లోపలికి దిగలేదు, ఒక బియ్యపు గింజంత బయటికి ఉంది. అలా ఉంటే ఎడమకీ కుడికీ ఉమ్మడిగా ఉండే ఎర్త్ అంచు తగలదు. అప్పుడు ఆంప్‌కి చేరేది ఎడమకీ కుడికీ మధ్య తేడా మాత్రమే. గొంతు మామూలుగా రెండు పక్కలా సమానంగా ఉంటుంది కాబట్టి ఒకదాన్నొకటి కొట్టేసుకుని మాయమైపోతుంది, పక్కలకి ఉన్న వాయిద్యాలు మిగులుతాయి. అదే మోనో రికార్డైతే, అంటే రెండు పక్కలా ఒకే సౌండ్ ఉండేదైతే, పాట మొత్తం పోయి చిటపటలు మాత్రమే వినిపిస్తాయి. పిన్నుని టక్కుమని శబ్దం వచ్చేదాకా నొక్కగానే గొంతు నట్టింట్లోకి వచ్చింది. గొంతు మాయమైతే ఇంకేం వెతక్కండి, నేరుగా అక్కడికే వెళ్లండి.

ఒక పక్క బాక్సే పలికితే పని ఇంకా తేలిక. ఆంప్ వెనక ఎర్ర పిన్నునీ తెల్ల పిన్నునీ ఒకదాని చోట ఇంకొకటి పెట్టండి. మూగతనం రెండో బాక్సుకి మారితే లోపం ప్లేయర్ వైపో తీగలోనో ఉంది, మారకపోతే ఆంప్‌లోనో బాక్సులోనో ఉంది. తర్వాత బాక్సు తీగలు కూడా అలాగే మార్చి చూడండి. రూపాయి ఖర్చు లేకుండా తేలిపోతుంది. కొన్న రోజు నుంచీ ఒకే పక్క పలికితే, పిన్నులూ తీగా అన్నీ మార్చి చూసినా అంతే ఉంటే, అప్పుడు మాత్రం మొహమాటం లేకుండా మిషన్ మార్పించుకోండి.

మా ఊళ్లో ఈ మూగతనానికి ఇంకో కారణం ఉంది, గోపాల్‌పూర్ నుంచి వచ్చే ఉప్పు గాలి. సముద్రం పక్కనే కాబట్టి తలుపు గొళ్లేలు ఎలా తుప్పు పడతాయో అందరికీ తెలుసు, ఆంప్ వెనక సాకెట్లు కూడా అంతే, మెరుపు పోయి నల్లగా మసిబారిపోతాయి. ఇన్‌పుట్ మార్చే సెలెక్టర్ తిప్పినప్పుడు కరకరమంటే, వాల్యూమ్ తిప్పినప్పుడు గరగరమంటే, ఒక పక్క వచ్చిపోతూ ఉంటే అది కాంటాక్టుల మీద పేరుకున్న పొర. ఆంప్ ఆపి, ప్లగ్గు పీకి, కాంటాక్ట్ క్లీనర్ స్ప్రే సాకెట్లలో కొద్దిగా కొట్టి, పిన్ను గుచ్చి నాలుగుసార్లు గుండ్రంగా తిప్పి, పూర్తిగా ఆరనివ్వాలి. తాళాలకి కొట్టే ఆయిల్ స్ప్రే వద్దు, అది జిడ్డు వదిలి దుమ్ముని పట్టుకుంటుంది. వానాకాలం ముందోసారి, తర్వాతోసారి చేస్తే చాలు.

ఇక గుయ్యి శబ్దం. జనం ఎక్కువగా కంగారు పడేది దీనికే, రివ్యూల్లో ఎక్కువగా తిట్లు పడేదీ దీనికే. మామూలు టర్న్‌టేబుళ్లకి ఎర్ర తెల్ల పిన్నులతో పాటు ఒక సన్నని మూడో తీగ ఉంటుంది, దాన్ని ఆంప్ వెనక జీఎన్‌డీ (అంటే ఎర్త్) అని రాసిన స్క్రూకి బిగించాలి. బిగించకపోతే ఎడతెగని గుయ్యి వస్తుంది, బిగించగానే పోతుంది. ఎల్‌పీ60ఎక్స్‌కి ఆ మూడో తీగ లేదు, దీనికి అక్కర్లేదు కూడా. కాబట్టి డబ్బాలో తీగ తక్కువైందని ఎవరికీ ఫోన్ చేయకండి. ఈ మిషన్‌తో గుయ్యి వస్తోందంటే అది బయటి నుంచి వస్తోంది.

ఎక్కడి నుంచో కనుక్కోవడానికి ముందు వాల్యూమ్ సున్నాకి తెచ్చేయండి. అప్పుడు కూడా గుయ్యి అలాగే ఉంటే అది ఆంప్ లోపలి సంగతి, ప్లేయర్‌కి సంబంధం లేదు. పాత ఆంపుల్లో కరెంటుని నున్నగా చేసే పెద్ద కెపాసిటర్లు ముప్పై నలభై ఏళ్లకి ఎండిపోతాయి, అప్పుడు మన 50 హెర్ట్జ్ కరెంటు రెట్టింపై 100 హెర్ట్జ్ గరుకు శబ్దంగా బాక్సుల్లోకి వస్తుంది. మా ఆంప్‌కి అదే జరిగింది. బడా బజార్ వైపు పాత రేడియోలు, ఆంపులు బాగుచేసే పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లాను. మూత తీసి చూపించారు, కెపాసిటర్ తల చదునుగా ఉండాల్సింది ఉబ్బి ఉంది.

"ఇంట్లో నువ్వే మార్చేద్దామని చూడకు బాబూ, ప్లగ్గు పీకినా ఇందులో కరెంటు నిలవుంటుంది" అన్నారు.

"లేదు బాబాయ్, అందుకే గదా మీ దగ్గరికి తెచ్చాను" అన్నాను. రెండు కెపాసిటర్లూ మార్చారు, గరుకు శబ్దం పోయింది. సోల్డరింగ్ పట్టుకునే చెయ్యి ఇంకా మన ఊళ్లలో ఉంది, ఇచ్ఛాపురం, పర్లాకిమిడి, రాయగడ ఎక్కడైనా పాత రేడియో మెకానిక్‌ని వెతికి పట్టుకోండి, కొత్త ఆంప్ ధరతో పోలిస్తే అది ఎంతో నయం.

వాల్యూమ్‌తో పాటు గుయ్యి పెరుగుతుంటే పిన్నుల దాకా వచ్చి చూడాలి. ఆంప్‌కి టీవీ సెట్‌టాప్ బాక్సు కూడా తగిలించి ఉంటే, కేబుల్ వాళ్ల గుండ్రటి తీగని ఒక్కసారి ఆ సెట్‌టాప్ బాక్సు వెనక నుంచి తీసి వినండి. గుయ్యి ఆగిపోతే, ఇంటి ఎర్తూ కేబుల్ ఎర్తూ కలిసి గొలుసులా తిరుగుతున్నాయన్నమాట, రికార్డు వినేటప్పుడు ఆ తీగ తీసేస్తే సరిపోతుంది. ఆగకపోతే ఫ్యాన్ చూడండి. ఫ్యాన్ రెగ్యులేటర్ రెండు మూడు మీద ఉన్నప్పుడు జుయ్యిమంటూ, ఐదు మీద పెట్టగానే తగ్గిపోతుంటే దొంగ అదే, కొన్ని ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్లు కరెంటుని ముక్కలు ముక్కలుగా కోస్తాయి. కరెంటు పోయి ఇన్వర్టర్ మీద నడుస్తున్నప్పుడు మాత్రమే శబ్దం వస్తుంటే అది చవక రకం స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ అయి ఉంటుంది, ప్లేయర్‌ని ఏమీ అనకండి. ఇవేవీ కాకపోతే ప్లేయర్‌ని ఆంప్ పక్క నుంచి ఓ రెండడుగులు దూరం జరపండి, ఆంప్‌లోని ట్రాన్స్‌ఫార్మర్ చుట్టూ ఉండే అయస్కాంత క్షేత్రం ముల్లు పక్కనున్న కాయిల్‌కి అందుతుంది. ముల్లు రికార్డు మధ్యకి వెళ్లేకొద్దీ గుయ్యి పెరుగుతూనో తగ్గుతూనో ఉంటే కారణం ఇదేనని ఖాయం చేసుకోవచ్చు.

ఒక్క విషయం గట్టిగా చెబుతున్నా. గుయ్యి పోతుందని ఆంప్ ప్లగ్గు మూడో పిన్ను విరిచేయమని సలహా ఇచ్చేవాళ్లున్నారు. వద్దు. ఆ పిన్ను మన ప్రాణం కోసం పెట్టింది. అలాగే తాతల నాటి వాల్వు రేడియోకి దీన్ని తగిలిద్దామని సరదాపడేవాళ్లు ముందు మెకానిక్‌కి చూపించండి, వాటిలో కొన్ని ట్రాన్స్‌ఫార్మర్ లేని సెట్లు, వాటి చాసిస్‌లోనే (లోపలి ఇనప చట్రంలోనే) మెయిన్ కరెంటు ఉంటుంది.

ప్లేయర్ ఎక్కడ పెట్టామన్నది కూడా సౌండే. చెక్క బల్ల మీద ప్లేయర్, దాని పక్కనే బాక్సు పెడితే, బాక్సు అదురు బల్లలోంచి ముల్లుకి, ముల్లు నుంచి మళ్లీ బాక్సుకి తిరిగి, వాల్యూమ్ పెంచగానే ఊళ పెడుతుంది. బాక్సు కోన్ లోపలికీ బయటికీ ఊగుతూ కనిపిస్తే అదే. పాట ఆడుతుండగా బల్ల మీద వేలితో మెల్లగా తట్టండి, ఆ తట్టు బాక్సులో దబ్బుమని వినిపిస్తే చోటు మార్చాలి. మన పాత ఇళ్లలో గోడలోకి దింపిన రాతి అరలు ఉంటాయి చూడండి, దీనికి అంతకంటే మంచి చోటు లేదు. వేల రూపాయల స్టాండ్లు చేసే పని ఆ రాయి ఊరికే చేస్తుంది. పిల్లలు హాల్లో పరిగెత్తినా ముల్లు ఎగరదు.

అంతా సరిగ్గా ఉన్నా గొంతు చివర్లు బరబరమంటుంటే ముల్లుకి ధూళి ఉండ చుట్టుకుందేమో టార్చి వేసి చూడండి. మెత్తని బ్రష్‌తో వెనక నుంచి ముందుకు మాత్రమే తుడవాలి, పక్కలకి తుడిస్తే ముల్లు కాడ విరుగుతుంది. 2013 అక్టోబరులో ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటినప్పుడు మా రికార్డుల అట్టలు తడిసి బూజు పట్టాయి. బూజు ఉన్న రికార్డు చిటపటమంటుంది, ముల్లుని కూడా పాడుచేస్తుంది. డిస్టిల్డ్ వాటర్‌లో ఒకటి రెండు చుక్కల గిన్నెల లిక్విడ్ కలిపి, మెత్తని గుడ్డతో గాడి వెంబడి గుండ్రంగా తుడిచి, మళ్లీ ఉత్త డిస్టిల్డ్ వాటర్‌తో తుడిచి ఆరబెట్టాం, లేబుల్ తడవకుండా. చాలావరకు బాగయ్యాయి. మీ ఆంప్‌లో మోనో బటన్ ఉంటే పాత మోనో రికార్డులు వినేటప్పుడు నొక్కండి, పాట అలాగే ఉంటుంది, చిటపటలు మాత్రం బాగా తగ్గుతాయి. మోనో రికార్డులో పాట గాడికి అడ్డంగానే ఉంటుంది, పైకీ కిందకీ ఉన్నదంతా రొదే, ఆ బటన్ దాన్ని కొట్టేస్తుంది. ఘంటసాల పద్యం ఆ బటన్ నొక్కి ఒకసారి, నొక్కకుండా ఒకసారి వినిపిస్తే పెదనాన్న ఇక ఆ బటన్ తీయనివ్వలేదు.

ఇక మిషన్‌కి నిజంగా ఉన్న పరిమితులు. ముల్లు బరువు ఫ్యాక్టరీలోనే బిగించేశారు, మనం మార్చలేం. ముల్లు తగిలించే కార్ట్‌రిడ్జ్ ఆ చేతికి కలిసే వస్తుంది, ముల్లు ఒక్కటే మారుతుంది. ముల్లు గుండ్రని మొన రకం కాబట్టి రికార్డు చివరి పాటల్లో, లేబుల్ దగ్గరకి వచ్చేసరికి, గొంతు కాస్త మసకబారుతుంది. ఖరీదైన ప్లేయర్లు విన్నవాళ్లకి ఆ తేడా తెలుస్తుంది, నాకూ తెలుస్తోంది. వేగాలు 33, 45 రెండే. మీ ఇంట్లో బరువైన పాత లక్క రికార్డులు, 78 వేగంవి ఉంటే ఇది కొనకండి, ఆ గాడి ఎల్పీ గాడి కంటే చాలా వెడల్పు, వేగమే కాదు ముల్లు కూడా వేరేది కావాలి.

సౌండ్‌బార్ ఒక్కటే ఉన్నవాళ్లు కొనే ముందు దాని వెనక ఆగ్జ్ కంత ఉందో లేదో చూసుకోండి. హెచ్‌డీఎంఐ, ఆప్టికల్ మాత్రమే ఉంటే ఈ మోడల్ నేరుగా తగలదు, బ్లూటూత్ ఉన్న ఎక్స్‌బీటీ మోడల్ తీసుకోవాలి. పాత ఆంప్‌కి అయిదు పిన్నుల గుండ్రటి డిన్ సాకెట్ ఉంటే, దాన్నుంచి ఆర్‌సీఏకి మార్చే తీగ మెకానిక్ కట్టిస్తారు. ఎడమకి మూడో పిన్ను, కుడికి అయిదోది, ఎర్త్‌కి రెండోది అని చెప్పండి, మిషన్ స్విచ్ మొదట లైన్‌లో పెట్టి వినండి. ముల్లు అరిగితే ఏటీఎన్3600ఎల్ అని అడగండి, ఒరిజినల్‌దే తీసుకోండి, ముందుకి లాగితే పాతది ఊడివస్తుంది, కొత్తది వేలితో నొక్కితే కూర్చుంటుంది.